వెంటిలేటర్ మీద ఉన్న మనిషి మాట వినడం ఎలా: ఐసీయూ బయట కూర్చున్న ఇంటివాళ్లకి

"ఏదో చెప్పాలని చూస్తున్నారు సిస్టర్, మాకేం అర్థం కావట్లేదు." విజిటింగ్ టైమ్ అయిపోయి బయటికొచ్చే ఇంటివాళ్లు ఎక్కువగా అనే మాట ఇది. ఆ వెంటనే "మరి మేమేం చేయాలి?" అని అడుగుతారు. దానికి జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ఇదంతా ఒక వరసలో జరగాలి. ముందు అవును-కాదు కుదరాలి. బోర్డులూ, అక్షరాలూ, రాయడం ఆ తర్వాతే. చాలామంది పెన్నూ కాగితం చేతికిచ్చి నేరుగా చివరి మెట్టు దగ్గర మొదలుపెడతారు. పేషెంట్ రెండు వంకర గీతలు గీసి చెయ్యి వాల్చేస్తాడు. "ఆయనకి తెలివి లేదు" అని అందరూ తేల్చేస్తారు. తెలివి ఉంటుంది, దారే దొరకలేదు.

## 1. గొంతు ఎందుకు రావట్లేదో ముందు ఆయనకే చెప్పండి

నోట్లోంచి వేసిన గొట్టం స్వరతంత్రుల మధ్య నుంచి శ్వాసనాళంలోకి దిగుతుంది. గాలి పక్కనుంచి పోకుండా గొట్టం చివర చిన్న బుడగ ఊది ఉంచుతారు. గాలంతా గొట్టంలోనే తిరుగుతుంది, స్వరతంత్రులకి తగలదు. ఎంత గింజుకున్నా శబ్దం రాదు.

మత్తు వదిలి కళ్లు తెరిచిన మనిషికి ఇదేదీ తెలియదు. మాట పడిపోయిందనీ, పక్షవాతమనీ అనుకుని భయపడిపోతారు. అందుకే లోపలికి వెళ్లగానే మొదటి మాటలు ఇలా ఉండాలి: "నాన్నా, నేను, పెద్దమ్మాయిని. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. ఊపిరి కోసం గొంతులో గొట్టం వేశారు, అందుకే మాట రావట్లేదు. గొట్టం ఉన్నన్నాళ్లూ ఇంతే. నేను అడుగుతాను, నువ్వు సైగ చెయ్యి."

వెళ్లిన ప్రతిసారీ ఇదే చెప్పండి. మత్తుమందుల వల్ల పొద్దున చెప్పింది సాయంత్రానికి గుర్తుండదు. విసుక్కోకండి.

## 2. లోపలికి వెళ్లే ముందు సిస్టర్‌ని అడగాల్సినవి

- మత్తు ఇప్పుడు ఎంత ఉంది? ఎప్పుడు తగ్గిస్తారు? చాలా ఐసీయూల్లో రోజుకోసారి, ఎక్కువగా పొద్దునపూట, మత్తు తగ్గించి చూస్తారు. వీలైతే మీ విజిటింగ్ ఆ వేళకి కుదుర్చుకోండి.
- కండరాలు కదలకుండా చేసే మందు నడుస్తోందా? నడుస్తుంటే ఏ సైగా రాదు. వినిపిస్తూ మాత్రం ఉండొచ్చు, కాబట్టి మంచం పక్కన మాట జాగ్రత్త.
- ఏ చేతికి సెలైన్ ఉంది? వేలి క్లిప్పు ఏ చేతికి పెట్టారు?
- తలవైపు మంచం ఎత్తొచ్చా?
- కళ్లజోడు, వినికిడి మిషన్ పెట్టొచ్చా?

చివరిది అన్నిటికన్నా ముఖ్యం. అడ్మిషన్ రోజున కళ్లజోడు, వినికిడి మిషన్, ఉంగరాలు అన్నీ ఒక కవర్లో పెట్టి ఇంటివాళ్లకి ఇచ్చేస్తారు. ఆ కవరు ఇంట్లో బీరువాలోకి పోతుంది. ఇక్కడ మనిషికి బోర్డు కనపడదు, మన మాట వినపడదు. ఆ రెండూ వెనక్కి తెచ్చి, డబ్బా మీద పేరు రాసి సిస్టర్‌కి అప్పగించండి.

మీతో తీసుకెళ్లాల్సినవి: మందపాటి నల్ల మార్కరు, పరీక్షలకి వాడే అట్ట, కాగితాలు, లామినేషన్ చేయించిన బోర్డు. లామినేషన్ ఎందుకంటే ఐసీయూలో ప్రతిదీ తుడవగలిగేలా ఉండాలి. పలకా బలపం వద్దు, పొడి రాలుతుంది.

## 3. అవును-కాదు సైగ కుదర్చడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

తల ఊపడం మీద ఆధారపడకండి. తల కదిలితే గొట్టం లాగుతుంది, నొప్పి పుడుతుంది. పైగా మనవాళ్లు "సరే" అనడానికి తలని పక్కకి వాలుస్తారు. గొట్టంతో, దిండు మీద, అది "కాదు"లాగే కనిపిస్తుంది. మన భాష తెలియని సిస్టర్‌కైతే మరీను.

ఆయన ఏది తేలిగ్గా చేయగలరో చూసి ఒక్కటి ఎంచుకోండి:

- చెయ్యి కదిలితే: అవునంటే బొటనవేలు పైకి, కాదంటే అరచెయ్యి అడ్డంగా ఊపడం.
- వేళ్లు మాత్రమే కదిలితే: అవునంటే చూపుడువేలు ఎత్తడం, కాదంటే కదపకపోవడం.
- కళ్లు మాత్రమే కదిలితే: అవునంటే కళ్లు గట్టిగా మూసి పట్టుకోవడం, కాదంటే పైకప్పు వైపు చూడటం. "ఒకసారి ఆర్పితే అవును, రెండుసార్లు ఆర్పితే కాదు" అని పెట్టుకోకండి. రెప్పలు వాటంతట అవే ఆడుతుంటాయి, లెక్క తప్పుతుంది.

చెయ్యి నొక్కమనడం చాలామంది చేస్తారు. అయితే మెదడు దెబ్బతిన్నవాళ్లలో అరచేతికి ఏది తగిలినా వేళ్లు వాటంతట అవే ముడుచుకోవచ్చు. కాబట్టి "నొక్కు" అన్నాక "వదులు" అని కూడా అనండి. చెప్పగానే వదిలితే అది జవాబు. వదలకపోతే ఆ సైగని నమ్మకండి.

ఇప్పుడు సైగని పరీక్షించాలి. జవాబు మీకు ముందే తెలిసిన నాలుగు ప్రశ్నలు, అవునూ కాదూ కలిపి అడగండి:

- రాయి నీళ్లలో తేలుతుందా?
- చేపలు నీళ్లలో ఉంటాయా?
- మనది ఫలానా ఊరేనా? (సొంతూరి పేరుతో)
- నేను మీ తమ్ముణ్ణా? (కాకపోతేనే అడగండి)

అన్నిటికీ "అవును" వస్తే సైగ ఇంకా కుదరలేదన్నమాట. మత్తు ఎక్కువ ఉండొచ్చు, వినపడకపోవచ్చు, ఐసీయూ అయోమయం కావచ్చు. కాసేపాగి మళ్లీ చూడండి.

ప్రశ్న అడిగాక ఆగండి. మనసులో నెమ్మదిగా పది లెక్కపెట్టండి. మందులు నడుస్తున్న మనిషికి మాట చెవిన పడి, అర్థమై, వేలు లేవడానికి అంత టైమ్ పడుతుంది. మూడో సెకనులో మనం ఇంకో ప్రశ్న వేస్తాం, ఆయన మొదటిదానికి వేలెత్తుతారు, మనం రెండోదానికి అనుకుంటాం. ఐసీయూలో అపార్థాలు ఎక్కువగా పుట్టేది ఇలాగే.

సైగ కుదిరాక పెద్ద అక్షరాలతో రాసి మంచం తలవైపు గోడకి అంటించమని అడగండి: "అవును – బొటనవేలు. కాదు – అరచెయ్యి ఊపడం. కుడి చెవి వినపడదు. కళ్లజోడు సొరుగులో ఉంది." డ్యూటీ మారినప్పుడు కొత్త సిస్టర్ కొత్త సైగ మొదలుపెడితే పేషెంట్ పని మళ్లీ మొదటికొస్తుంది.

## 4. ప్రశ్న వేసే తీరు

"నొప్పి లేదు కదా?" అని అడగకండి. తెలుగులో దీనికి "అవును" అంటే లేదనా, ఉందనా? ఇద్దరికీ తెలియదు. "నొప్పిగా ఉందా?" అని సూటిగా అడగాలి.

ఒక్క ప్రశ్నలో ఒక్క విషయమే ఉండాలి. "దాహమా, లేక పక్కకి తిప్పమంటావా?" అంటే వేలు దేనికి లేచిందో చెప్పలేం.

పెద్దదాంతో మొదలుపెట్టి చిన్నదానికి దిగండి. "ఒంట్లో ఇబ్బందా?" అవునంటే "నడుం పైనా? కిందా?" ఆ తర్వాత "ఎడమా? కుడా?" ఒంట్లో కాదంటే "ఇంటి సంగతా? ఎవర్నైనా చూడాలా? డాక్టరు ఏమన్నారో చెప్పాలా?"

నొప్పి ఎంతుందో తెలుసుకోవడానికి డాక్టర్లు సున్నా నుంచి పది వరకు అంకె అడుగుతారు. పెద్దవాళ్లతో రూపాయి లెక్క ఇంకా బాగా నడుస్తుంది: "పావలా నొప్పా? అర్ధ రూపాయా? ముప్పావలా? రూపాయి నొప్పా?" మందు ఇచ్చాక మళ్లీ అదే లెక్కలో అడిగితే ఎంత తగ్గిందో తెలుస్తుంది.

## 5. బొమ్మల బోర్డు

చదువుకోని వాళ్లకీ, కళ్లు మసకగా ఉన్నవాళ్లకీ అక్షరాలకన్నా బొమ్మలు మేలు. ఏ-ఫోర్ కాగితం మీద పెద్ద గళ్లు గీసి, ఒక్కో గడిలో బొమ్మ, కింద తెలుగు మాట, దాని కింద అదే మాట ఇంగ్లీషులో రాయించండి. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో కేరళ నుంచి వచ్చిన సిస్టర్లు చాలామంది ఉంటారు. పేషెంట్ "దురద" గడి చూపిస్తే వాళ్లకి అర్థమవ్వాలిగా.

బోర్డు మీద ఉండాల్సినవి:

- ఊపిరి ఆడట్లేదు
- కఫం తీయండి
- నొప్పి
- నోరు ఎండిపోతోంది
- పక్కకి తిప్పండి
- దురద
- ఉక్క / చలి
- మూత్రం / విరేచనం
- గొట్టం గుచ్చుకుంటోంది
- లైటు ఎక్కువగా ఉంది
- నిద్ర పట్టట్లేదు
- భయమేస్తోంది
- ఇంటివాళ్లు కావాలి
- ఇవేవీ కాదు

చివరి గడిని మర్చిపోకండి. అది లేకపోతే పేషెంట్ ఉన్నవాటిలోనే ఏదో ఒకటి చూపించి ఊరుకుంటాడు.

చూపించడానికి చెయ్యి లేవకపోతే మీరే ఒక్కో గడి మీద వేలు పెట్టి, పైకి చదివి, ఆగి, సైగ కోసం చూడండి. అన్నీ చదివాక అడగడం కాదు, ఒక్కోదాని దగ్గర ఆగాలి.

"నోరు ఎండిపోతోంది" చూపించగానే నీళ్లు పోయకండి. గొట్టం ఉండగా చుక్క నీళ్లైనా మీ అంతట మీరు ఇవ్వకూడదు. సిస్టర్ ఒప్పుకుంటే తడి దూదితోనో స్పాంజితోనో పెదాలు తుడవొచ్చు. "ఊపిరి ఆడట్లేదు" అంటే ఇంకేమీ అడగకుండా వెంటనే సిస్టర్‌ని పిలవండి. కఫం అడ్డుపడి ఉండొచ్చు, గొట్టం మడత పడి ఉండొచ్చు, చూడాల్సింది వాళ్లు.

## 6. తెలుగు అక్షరాల బోర్డు

యాభై ఆరు అక్షరాలూ, గుణింతాలూ, ఒత్తులూ వేస్తే ఆ బోర్డు పనికిరాదు. ఏడు వరసలు చాలు:

1. అ ఇ ఉ ఎ ఒ
2. క గ
3. చ జ
4. ట డ ణ
5. త ద న
6. ప బ మ
7. య ర ల వ ళ శ స హ

గుణింతం వద్దు, ఒత్తు వద్దు, సున్నా వద్దు. "న-ప" అంటే నొప్పి. "ద-హ" అంటే దాహం. మిగతాది మీరు ఊహించి, అడిగి ఖాయం చేసుకోవాలి.

చేసే పద్ధతి:

1. "మొదటి వరసా? రెండో వరసా?" అని వేలు పెట్టి అడుగుతూ వెళ్లండి. సైగ రాగానే ఆగండి.
2. ఆ వరసలో ఒక్కో అక్షరం చదవండి.
3. వచ్చిన అక్షరాన్ని కాగితం మీద రాసుకోండి. గుర్తుంటుందిలే అనుకుంటే ఉండదు.
4. రెండు మూడు అక్షరాలు రాగానే ఊహించి అడగండి: "నొప్పా?" కాదంటే తర్వాతి అక్షరానికి వెళ్లండి.

"క-ళ" వస్తే కళ్లా, కాళ్లా? రెండూ అడగాలి. ఒక పెద్దావిడ ఇలాగే "త-ళ" దగ్గర ఆగిపోయింది. కొడుకు "తాళమా? ఇంటి తాళం నా దగ్గరే ఉందమ్మా" అంటాడు, ఆవిడ కాదంటుంది, కళ్లలో నీళ్లు. అతను తలగడ సర్దాడు, తల నొక్కాడు. చివరికి కోడలు వచ్చి మెడ దగ్గర చెయ్యి పెట్టి "తాళా అత్తయ్యా?" అంది. అడ్మిషన్‌లో తీసి ఇచ్చిన సూత్రాలు ఎక్కడున్నాయని ఆవిడ బెంగ. మామయ్యగారి దగ్గర భద్రంగా ఉన్నాయని చెప్పగానే కళ్లు మూసుకుని పడుకుంది. మందుల వల్ల కాని నిమ్మళం అది.

కాబట్టి ఊహలు ఒంటి బాధల దగ్గరే ఆపకండి. పాలిచ్చే గేదె, కట్టాల్సిన చీటీ, పిల్ల పరీక్ష: మనుషులు వీటి గురించే అడుగుతారు.

## 7. రాయించడం, పెదాలు చదవడం

రాసే చేతికే సెలైన్, వేలి క్లిప్పు పెట్టి ఉంటే మార్చడం కుదురుతుందేమో సిస్టర్‌ని అడగండి. చేతులు కట్టి ఉంటే మీ అంతట మీరు విప్పకండి. ఒక్క క్షణంలో గొట్టం లాగేసుకోవచ్చు. "నేను పక్కనే ఉంటాను, పదినిమిషాలు ఒక చెయ్యి విప్పుతారా" అని అడగడంలో తప్పులేదు.

మంచం తలవైపు ఎత్తించి, మోచేతి కింద దిండు పెట్టి, అట్టని మీరు ఆయన కళ్లకి ఎదురుగా ఏటవాలుగా పట్టుకోండి. పడుకున్న మనిషికి ఒళ్లో పెట్టిన కాగితం కనిపించదు, అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఒక కాగితానికి ఒక్క మాటే రాయమనండి. రాసినవి పారేయకుండా ఉంచితే, మర్నాడు అదే మాట మళ్లీ వచ్చినప్పుడు పనికొస్తాయి.

పెదాలు చదవడం నేనైతే చివరికి వదిలేస్తాను. గొట్టం, ప్లాస్టరు సగం నోటిని కప్పేస్తాయి. ప, బ, మ మూడూ పెదాల మీద ఒకేలా ఉంటాయి. తప్పనిసరైతే ఒక్కో మాటే, నెమ్మదిగా అనమని చెప్పి, అర్థమైంది పైకి అని సైగతో ఖాయం చేసుకోండి. అర్థం కానిదానికి "ఊఁ ఊఁ" అనకండి, ఇట్టే పట్టేస్తారు. "అర్థం కాలేదు, ఇంకోలా అడుగుతాను" అంటే వాళ్లు ఓపిక పడతారు.

ఫోన్లో తెలుగు టైపు చేస్తే చదివి వినిపించే సదుపాయం ఉంది. వేళ్లు బాగా ఆడే కుర్రవాళ్లకి బాగుంటుంది. ఐసీయూలో ఫోన్ అనుమతి అడిగి, శానిటైజర్‌తో తుడిచి ఇవ్వండి.

## 8. ప్రత్యేకంగా చూడాల్సిన మూడు కేసులు

కట్లపాము కాటు. విషం నరాల నుంచి కండరాలకి వెళ్లే సంకేతాన్ని ఆపేస్తుంది. ముందు రెప్పలు వాలతాయి, తర్వాత మింగుడు, ఆ తర్వాత ఊపిరి. ఒళ్లంతా చచ్చుబడి, కళ్లు మూతపడి, చూడ్డానికి ప్రాణం లేనట్టే ఉంటారు. లోపల మెలకువ ఉండొచ్చు, మన మాటలన్నీ వినిపిస్తూ ఉండొచ్చు. మంచం పక్కన ఏడవకండి, కర్మకాండల మాటలు ఎత్తకండి. సిస్టర్‌కి చెప్పి, "కళ్లు తెరుస్తున్నాను" అని పేషెంట్‌కీ చెప్పి, వేలితో రెప్ప మెల్లగా ఎత్తి మీ ముఖం చూపించండి. విషం దిగేకొద్దీ ఎక్కడో చిన్న కదలిక మొదలవుతుంది. కాలి వేలి కొస కూడా చూడండి. అదే మీ మొదటి సైగ.

పురుగుమందు. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ వల్ల నోరు ఎండిపోతుంది, దగ్గరి అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి, అయోమయం కూడా రావొచ్చు. అక్షరాల బోర్డు పక్కన పెట్టి, చెవికి వినిపించే అవును-కాదు ప్రశ్నలే వాడండి. "ఎందుకు తాగావు?" అని ఇప్పుడు అడగకండి. జవాబు చెప్పలేని మనిషిని నిలదీయడం అవుతుంది. "మేమున్నాం" చాలు. ఆ మాటలు తర్వాత, డాక్టరు సాయంతో.

గొంతుకి రంధ్రం చేసి గొట్టం వేస్తే. వెంటిలేటర్ వారం పది రోజులు దాటి ఇంకా కావాల్సి వస్తే డాక్టర్లు ట్రాకియాస్టమీ గురించి మాట్లాడతారు. నోరు ఖాళీ అవుతుంది, పెదాలు కనిపిస్తాయి, ముఖం విప్పారుతుంది. గొంతు మాత్రం వెంటనే రాదు, గొట్టం స్వరతంత్రుల కింద ఉంటుంది. కొందరికి మాట రావడానికి స్పీకింగ్ వాల్వ్ అనే చిన్న మూత పెడతారు. గాలి దాంట్లోంచి లోపలికి వెళుతుంది, బయటికి మాత్రం నోటివైపు నుంచి రావాలి. అందుకని బుడగలో గాలి పూర్తిగా తీసేశాకే అది పెట్టాలి. బుడగ ఊది ఉండగా పెడితే ఊపిరి వదలడానికి దారే ఉండదు, ప్రాణం మీదికొస్తుంది. ఇది డాక్టరు, స్పీచ్ థెరపిస్టు చేసే పని. "మా పేషెంట్‌కి కుదురుతుందా?" అని అడగడం మీ పని.

## 9. ఆయన ఆయనలా లేకపోతే

గోడమీద పాములున్నాయని వేలు చూపించడం, సిస్టర్లు చంపేస్తారని భయపడటం, పగలంతా పడుకుని రాత్రంతా గింజుకోవడం. ఇది ఐసీయూ అయోమయం, డెలీరియం అంటారు. పిచ్చి కాదు, దయ్యం అంతకన్నా కాదు. కదలకుండా, పలకరిస్తే పలక్కుండా ఉండే రకం కూడా ఉంది. "ప్రశాంతంగా ఉన్నారు" అనుకుని దాన్ని అందరూ వదిలేస్తారు. నిన్న సైగ చేసిన మనిషి ఈరోజు చూపు నిలపకపోతే సిస్టర్‌కి చెప్పండి.

వాదించకండి. "పాముల్లేవు నాన్నా, నేనున్నాను. ఇది ఆసుపత్రి, ఇవాళ మంగళవారం, సాయంత్రం అయింది." అంతే. గడియారం, క్యాలెండరు కనిపించేలా పెట్టించండి. ఈ స్థితిలో ఆస్తి సంతకాలు, ఆపరేషన్ ఒప్పుకోళ్లు సైగతో తీసుకోకండి. తేటగా ఉన్నప్పుడైనా పెద్ద నిర్ణయాల ప్రశ్నని డాక్టరు ఎదుట, రెండు రకాలుగా తిప్పి అడగాలి: "ఆపరేషన్ చేయించుకుంటావా?" కాసేపటికి "ఆపరేషన్ మానేద్దామా?" ఒకదానికి అవునని, రెండోదానికి కాదని వస్తేనే లెక్క.

## 10. తరచూ జరిగే పొరపాట్లు

గట్టిగా అరవడం. వినికిడి బాగానే ఉంటే అరుపు తిట్టులా వినిపిస్తుంది. ముఖం కనిపించేలా దగ్గరికి వంగి, మామూలు గొంతుతో మాట్లాడండి.

నలుగురూ ఒకేసారి అడగడం. ఒక్కరే అడగాలి. మిగతావాళ్లు కావాలంటే చెయ్యి పట్టుకోండి.

బిల్లు సంగతి మంచం పక్కనే. అడ్వాన్సు, ఆరోగ్యశ్రీ అప్రూవల్, అప్పు: అన్నీ గుమ్మం బయటే మాట్లాడుకోండి.

అలిసిపోయినా ఆపకపోవడం. సైగలు తడబడుతుంటే ఆపేయండి. "మళ్లీ ఆరింటికి వస్తాను" అని టైమ్ చెప్పి వెళ్లండి.

గింజుకోవడాన్ని మొండితనం అనుకోవడం. కఫం, మడత పడిన పక్కబట్ట, మూత్రం గొట్టం మూసుకుపోవడం, ఒకే పక్కన చాలాసేపు పడుకోవడం: ముందు ఇవి చూడమని సిస్టర్‌ని అడగండి.

బెల్ అందకపోవడం. బయటికొచ్చే ముందు బెల్ చేతికి తగులుతోందో, నొక్కగలుగుతున్నారో ఒకసారి నొక్కించి చూడండి.

## 11. గొట్టం తీశాక

గొంతు బొంగురుగా, గుసగుసగా వస్తుంది. కొన్నాళ్లు అలాగే ఉండొచ్చు. ఎక్కువ మాట్లాడించకుండా బోర్డు ఇంకో రెండు రోజులు దగ్గరే ఉంచండి. మింగడం కూడా వెంటనే కుదుటపడకపోవచ్చు. నీళ్లు, కాఫీ, తీర్థం ఏదైనా సరే, డాక్టరు మింగుడు పరీక్షించి సరేనన్నాకే ఇవ్వాలి. తాగుతున్నప్పుడు దగ్గు వచ్చినా, గొంతు గరగరలాడినా అక్కడికక్కడే ఆపి సిస్టర్‌కి చెప్పండి. ఇంటికెళ్లాక వారం రెండు వారాలైనా గొంతు తేరుకోకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. గొట్టం ఎన్ని రోజులు ఉందో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, అది వెంట తీసుకెళ్లండి.